బెంజమిన్ ఆయ్ అన్నాడట

శివశంకర్ పేరు ఎవరైనా నా ముందు ఎత్తితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఈ సంగతి మొదటే చెప్పేస్తే మంచిది. యామిని పక్షపాతంగా రాసిందని తర్వాత ఎవరూ దెప్పకుండా ఉంటారు. నేను రాయబోయేది బెంజమిన్ గురించి. కానీ ఆ రెండో పెద్దమనిషిని తప్పించి ఈయన కథ చెప్పడం నాకు చేతకాలేదు.

1998లో అమలాపురం గడియారస్తంభం దగ్గర, మందుల షాపు మేడ మీద ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది. ఎనిమిది కంప్యూటర్లు, ఒక ఏసీ. చెప్పులు మెట్ల మీదే విప్పి లోపలికి రావాలి. నేను అక్కడ టైపింగు, ఉత్తరాలు తయారుచేయడం నేర్పేదాన్ని. బెంజమిన్, శివశంకర్ ప్రోగ్రామింగు చెప్పేవారు. బెంజమిన్‌ది అల్లవరం. తండ్రి లేడు, తల్లి సువార్తమ్మ గారు అక్కడి బళ్లో టీచరు. శివశంకర్‌ది రాజోలు. ఇద్దరూ డిగ్రీలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు. ఒకే క్యారేజీ తినేవారు, ఒకే సైకిలు తొక్కేవారు, ఒకే పుస్తకం చెరో సగం చించుకుని చదివేవారు. శివశంకర్‌కి మాటలు ఎక్కువ, బెంజమిన్‌కి పని ఎక్కువ. అందుకే ఇద్దరికీ కుదిరిందని అందరూ అనుకునేవారు. నేనూ అలాగే అనుకున్నాను.

బెంజమిన్ నోటినుంచి రోజుకి పది మాటలు వస్తే అందులో ఆరు "ఆయ్". మా కోనసీమ బయట ఉండేవాళ్లకి ఈ మాట గురించి కాస్త చెప్పాలి. ఒప్పుకున్నప్పుడు ఆయ్ అంటాం, నిజమే. కానీ "చెప్పండి, వింటున్నాను" అన్నదానికీ ఆయ్ అనే అంటాం. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే నోరు మూసుకుని కూర్చోవడం మా దగ్గర మర్యాద కాదు. అది ఏ రకం ఆయో గొంతునిబట్టి పోల్చుకోవాలి. బెంజమిన్‌తో వచ్చిన చిక్కేమిటంటే ఆయన గొంతు ఎప్పుడూ ఒక్కలాగే ఉండేది. వింటున్న ఆయ్, ఆలోచిస్తున్న ఆయ్, చచ్చినా చెయ్యననే ఆయ్ అన్నీ ఒకే శ్రుతిలో పలికేవాడు. రెండేళ్లు పక్కన పనిచేసినా నేను సగంసార్లు పొరబడేదాన్ని. శివశంకర్ మాత్రం ఎప్పుడూ పొరబడలేదు. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి.

2000లో ఊళ్లోని ఒక ట్రస్టు ఆసుపత్రి వాళ్లు మా ఇన్‌స్టిట్యూట్‌కి కబురు పెట్టారు. వాళ్లకి నాలుగు కౌంటర్లలో నాలుగు కంప్యూటర్లు ఉన్నాయి: పేర్లు రాసేచోట ఒకటి, ల్యాబులో ఒకటి, వార్డులో ఒకటి, రక్తనిధిలో ఒకటి. నాలుగింట్లోనూ ఎవరెవరో రాసిపెట్టిన ప్రోగ్రాములు. వివరాలన్నీ ఉండే డేటాబేసు వేరే గదిలో సర్వరు మీద ఉంది. ఏ ప్రోగ్రాముకి ఆ ప్రోగ్రాము తిన్నగా ఆ డేటాబేసులోకి దూరి కావలసింది తీసుకుంటోంది, తోచింది రాస్తోంది. ఒకరోజు మధ్యాహ్నం ఓ నెగటివ్ రక్తం ఒక్క సీసా మిగిలింది. కాట్రేనికోన నుంచి కాన్పుకి వచ్చిన అమ్మాయికి వార్డువాళ్లు ఆ సీసా రాశారు. అదే నిమిషంలో లారీ గుద్దిన ఒకాయనకి రక్తనిధివాళ్లు కూడా అదే సీసా రాశారు. ఇద్దరి తెరల మీదా "ఉంది" అనే కనిపించింది. కృపమ్మ సిస్టర్ సీసా చేత్తో పట్టుకుని, రెండు చీట్లు చూసి నిలబడిపోయింది. అదృష్టంకొద్దీ ఇచ్చే మనిషి పక్క వీధిలోనే దొరికాడు, ఇద్దరూ బతికారు.

అప్పటి సూపరింటెండెంటు నరసింహమూర్తి గారు కర్నూలు వైపు మనిషి. బెంజమిన్‌ని ఎదురుగా కూర్చోబెట్టి, "ఇది వారంలో సరిచేస్తావా?" అని అడిగాడు.

"ఆయ్," అన్నాడు బెంజమిన్.

"మంచిది. అయితే వచ్చే సోమవారం–"

పక్కనున్న శివశంకర్ గబగబా అందుకున్నాడు. "అది ఒప్పుకున్న ఆయ్ కాదండి. మీరు చెప్పింది విన్నానంటున్నాడు. ఎన్నాళ్లు పడుతుందో రేపొచ్చి చెప్తాడండి."

డాక్టరు గారు పెద్దగా నవ్వి, "మీవాడికి నువ్వు దుబాసీవా?" అన్నాడు.

"ఆయ్. కాలేజీ నుంచీ నాది అదే పనండి," అన్నాడు శివశంకర్. ఆ గదిలో నేనూ ఉన్నాను. నా చెవులతో విన్నాను.

బెంజమిన్‌కి ఆ పనికి అయిదు నెలలు పట్టింది. ఏం చేస్తున్నారని నేను అడిగితే ఒకసారి కాగితం మీద రెండు గీతలు గీసి చూపించాడు. "ఇటు ఒడ్డున కౌంటర్లండి, అటు ఒడ్డున డేటాబేసండి. ఇన్నాళ్లూ ఎవరి పడవ వాళ్లేసుకుని పోతున్నారు. ఇహ అలా కుదరదండి. మధ్యలో ఒక్క రేవు, అందర్నీ దాటించే పంటు ఒక్కటే. ఎవరైనా అక్కడికే రావాలి." ఆ మధ్యలో ఉండే ముక్కని కాంపోనెంట్ అంటారట. కౌంటర్లలోని ప్రోగ్రాములు ఇక డేటాబేసు ముఖం చూడవు. ఫలానా సీసా కావాలని ఆ ముక్కని అడుగుతాయి. అది ఒకరి పని పూర్తిగా ముగించాకే రెండోవారిది అందుకుంటుంది. మధ్యలో కరెంటు పోతే సగం పని నిలవదు, మొత్తం వెనక్కి పోతుంది. దానికి ఆయన పెట్టిన పేరు కూడా రేవు అనే. ఇంగ్లీషు అక్షరాల్లో, నాలుగు.

మొదట్లో అది ఆయన్ని ఏడిపించింది కూడా. ఇలాంటి ముక్కకి లోపల ఒక పొడుగాటి నంబరు ఉంటుంది. కౌంటర్లు దాన్ని ఆ నంబరుతోనే పిలుస్తాయి. ఒకరోజు బెంజమిన్ చిన్న మార్పు చేసి, పాత నంబరే ఉంచమని కంప్యూటరుకి చెప్పడం మరిచిపోయి కొత్తది తయారుచేశాడు. పొద్దున్న తొమ్మిదింటికి నాలుగు కౌంటర్లూ కాంపోనెంట్ దొరకడం లేదని మొండికేశాయి. ఆసుపత్రి వరండా నిండా జనం. బెంజమిన్ ఫ్లాపీ పట్టుకుని ఆ కౌంటరుకీ ఈ కౌంటరుకీ పరిగెత్తాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. శివశంకర్ గుమ్మంలో నిలబడి జనానికి కబుర్లు చెప్పి నవ్వించాడు. ఒక గంటలో అన్నీ లేచాయి. ఆ తర్వాత రెండేళ్లలో ఒక్క సీసా ఇద్దరికి వెళ్లలేదు. ప్రతి శనివారం బెంజమిన్ వెళ్లి సర్వరు ముందు కాసేపు కూర్చుని, ఏదో ఒకటి సవరించి వచ్చేవాడు. కృపమ్మ సిస్టర్ ఆయనకి టీ పంపేది. ఆయన జీవితంలో అంతకంటే సంతోషంగా ఉన్న రోజులు నేను చూడలేదు.

2002లో శివశంకర్‌కి హైదరాబాదులో ఒక కంపెనీ తగిలింది. ఆసుపత్రులకి సాఫ్ట్‌వేర్ చేసి అమ్మే కంపెనీ. "రేవు చూపించి వస్తాన్రా, చూస్తే వాళ్ల కళ్లు తిరుగుతాయి," అని సీడీ పట్టుకెళ్లాడు. బెంజమిన్‌కి అభ్యంతరం లేకపోయింది. స్నేహితుడు చూపిస్తానంటే ఎవరికి అభ్యంతరం ఉంటుంది?

వారం తర్వాత, పొద్దున్న పదకొండింటికి, ఇన్‌స్టిట్యూట్ ఆఫీసుగదికి ఫోనొచ్చింది. కంపెనీ మేనేజరు. అటు ఆయన పక్కన శివశంకర్ కూర్చుని ఉన్నాడు, ఇటు బెంజమిన్ పక్కన నేను. స్పీకరు పెట్టి మాట్లాడారు.

"బెంజమిన్ గారూ, మీ రేవు చాలా బాగుంది. రాష్ట్రంలో అన్ని ఆసుపత్రులకీ పెట్టాలనుకుంటున్నాం."

"ఆయ్."

"సోర్స్ కోడ్ మా దగ్గర ఉంటుంది. ఇకమీద మార్పులన్నీ మా టీమే చేస్తుంది. మీరు మళ్లీ శ్రమపడక్కర్లేదు."

"ఆయ్."

"ప్రోడక్ట్ కంపెనీ పేరు మీద వస్తుంది. డిజైనర్‌గా శివశంకర్ గారి పేరు పెడతాం, ఆయన ఇక్కడే జాయిన్ అవుతున్నారు కాబట్టి."

బెంజమిన్ బల్ల అంచు పట్టుకున్నాడు. అయినా అదే గొంతుతో "ఆయ్" అన్నాడు.

మేనేజరు చాలా సంతోషమని చెప్పి పెట్టేశాడు. నేను తెల్లబోయి చూశాను. బెంజమిన్ రిసీవరు సర్ది, "అలా ఇవ్వడం కుదరదండి," అన్నాడు.

"మరి ఆయ్ ఆయ్ అన్నారేమిటండీ?"

"పెద్దాయన అంతసేపు చెప్తున్నారు కదండీ, ఊరుకుంటే బాగోదు. అయిదు నెలలు కూర్చుని రాసేనండి. ఎక్కడ తేడా వస్తుందో నాకే తెలుస్తుంది. నాదండీ అది." ఆయన నోటినుంచి 'నాది' అనే మాట వినడం నాకు అదే మొదటిసారి. ఆ మాటకి ఆయనే సిగ్గుపడ్డాడు.

"అయితే ఆ మాటే వాళ్లతో అనాల్సింది," అన్నాను కోపంగా.

"శివ అక్కడే ఉన్నాడు కదండీ. వాడు చెప్తాడు."

అయినా నా పోరు పడలేక మర్నాడు ఇంటర్నెట్ సెంటరుకి వెళ్లి శివశంకర్‌కి మెయిలిచ్చాడు. వాళ్లు అడిగింది కుదరదనీ, వాళ్లు నొచ్చుకోకుండా మెల్లగా చెప్పమనీ రాశాడు. నేనే పక్కన కూర్చుని టైపు చేశాను. రెండురోజులకి జవాబొచ్చింది. "నేను చూసుకుంటాలేరా." అంతే. బెంజమిన్ తేలికపడి నాకు బజ్జీలు తెప్పించాడు.

మూడు నెలలు గడిచాయి. ఒక శనివారం ఎప్పటిలాగే ఆసుపత్రికి వెళితే సర్వరు గదికి కొత్త తాళం వేసి ఉంది. కృపమ్మ సిస్టర్ తలుపు దగ్గర నిలబడి చీర కొంగు నలుపుకుంటోంది.

"కంపెనీవాళ్లు నిన్న వచ్చేరు బాబూ, ట్రస్టువాళ్లు అంతా వాళ్లకే అప్పజెప్పేరట. బయటివాళ్లనెవర్నీ లోపలికి రానివ్వద్దన్నారు. నరసింహమూర్తి గారు కూడా మానేసి వెళ్లిపోయేరు కదా, ఇంకెవరికి చెప్పను?" అంది.

"నేను బయటివాణ్ణా సిస్టర్?" అన్నాడు బెంజమిన్.

ఆవిడ ఏడ్చేసింది. ఆయన ఆవిడని ఊరుకోబెట్టి, వార్డు కౌంటరు దగ్గరికి వెళ్లి తెర చూశాడు. పైన కంపెనీ పేరు. దాని కింద, రూపకల్పన శివశంకర్. కంపెనీకి ఇచ్చిన సీడీలో మొత్తం కోడు ఉందన్నమాట. చూపించడానికి అంత అవసరం లేదు. ఆ సంగతి బెంజమిన్‌కి అప్పుడు తట్టింది.

రెండు రోజుల్లో హైదరాబాదు వెళ్లాడు. అక్కడ జరిగింది నాకు ఒక్కసారిగా చెప్పలేదు. నెలల తరబడి ముక్కలు ముక్కలుగా చెప్పాడు. మేనేజరు మర్యాదగానే కూర్చోబెట్టాడట. ఫైలు తీసి ఒక కాగితం చూపించాడట. ఆ రోజు ఫోనులో మాట్లాడిన ఒక్కొక్క విషయం ఇంగ్లీషులో రాసి, ప్రతిదాని ఎదురుగా "బెంజమిన్ గారు అంగీకరించారు" అని ఉంది. కింద సాక్షి సంతకం.

"మీరు ప్రతిదానికీ ఆయ్ అన్నారు. మా వైపు ఆ మాట లేదు. అందుకే ఫోను పెట్టగానే మీ ఫ్రెండ్‌ని అడిగాను. ఆయ్ అంటే యెస్ అని ఆయనే చెప్పారు," అన్నాడట మేనేజరు.

శివశంకర్ అదే గదిలో ఉన్నాడు. మెడలో కంపెనీ బిళ్ల వేలాడుతోంది. బెంజమిన్ అతనివైపు తిరిగి, "ఏరా, నేనెప్పుడు ఒప్పుకున్నాను?" అని అడిగాడు. శివశంకర్ బల్లమీది కాగితాలు సర్దుతూ తలెత్తకుండా అన్నాడట: "ఆయ్ అన్నావు కదరా. ఆయ్ అంటే ఒప్పుకోవడమే కదా."

"మరి మెయిలు?"

"ఏ మెయిలు?" అన్నాడట.

 మేనేజరు పొరబడితే నాకు బాధలేదు, ఆయనకి తెలియదు. కర్నూలు డాక్టరు గారు పొరబడ్డారు, నేనూ పొరబడ్డాను. భూమ్మీద పొరబడే హక్కు లేని మనిషి ఒక్కడే ఉన్నాడు. వాడే ఆ కాగితం మీద సంతకం పెట్టాడు. దీన్ని నేను మోసం అనే అంటాను, మెత్తని మాట వెతకను.

కోర్టుకి వెళ్లమని నేను పోరాను. ఆ మెయిలు నేనే టైపు చేశాను, సాక్ష్యం చెప్తానన్నాను. బెంజమిన్ వినలేదు. "ఆయ్ అంటే ఏంటని జడ్జి గారు అడిగితే వాడూ నేనూ చెరొకటీ చెప్పాలాండీ?" అని మాత్రం అన్నాడు. ఇన్‌స్టిట్యూట్ మానేసి, ముమ్మిడివరంలో ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటరు సారుగా చేరాడు. పిల్లలకి బొమ్మలు గీయడం, పేర్లు టైపు చేయడం నేర్పడం. ప్రోగ్రాము అనేది మళ్లీ ఒక్క వరస రాయలేదు.

ఆ తర్వాత ఆయన ఆయ్ అనడం మానేశాడు. అవును, కాదు, తెలియదు. ఈ మూడే. అవతలివాళ్లు చెప్పుకుపోతుంటే రాయిలా కూర్చుని వింటాడు. మా ప్రాంతంలో అలా ఉంటే ఎవరు ఊరుకుంటారు? బెంజమిన్ మేస్టారికి పొగరెక్కిందన్నారు. పెళ్లిచూపులకి వెళితే అమ్మాయి తండ్రి, "కుర్రాడు మంచివాడేగానీ మనం మాట్లాడుతుంటే లెక్కచెయ్యట్లేదండి," అని కబురు పంపాడు. సువార్తమ్మ గారు నాతో చెప్పుకుని బాధపడింది. "ఇంట్లో కూడా అంతేనమ్మా. నేను చెప్తున్నది వింటున్నాడో లేదో తెలీట్లేదు. గోడతో మాట్లాడినట్టుంది," అంది. ఆవిడ మాత్రం రోజూ ప్రార్థనలో కొడుకు పేరు తర్వాత శివశంకర్ పేరు చెప్పడం మానలేదు. తీసెయ్యమని నేను ఎన్నిసార్లు చెప్పానో! ఆవిడ నవ్వి ఊరుకునేది.

ఈలోగా మా ఇన్‌స్టిట్యూట్ మూతపడింది. నాకు అదే ఆసుపత్రి రికార్డుల గదిలో పని దొరికింది. 2006లో అక్కడ సర్వరు మార్చారు. మార్చిన రోజునుంచి రేవు పనిచెయ్యలేదు. కంపెనీ నుంచి హేమ అనే ఇంజినీరు వచ్చింది. చిన్న వయసు, మంచి పిల్ల. రెండు రోజులు తంటాలు పడినా కదల్లేదు. రక్తనిధిలో మళ్లీ కాగితాల మీద రాసుకోవడం మొదలుపెట్టారు. మూడోరోజు పొద్దున్న కృపమ్మ సిస్టర్ ఎవరినీ అడక్కుండా ముమ్మిడివరం మనిషిని పంపించింది. బెంజమిన్ స్కూలుకి సెలవు పెట్టి వచ్చాడు. రాడనుకున్నాను, నేనైతే వచ్చేదాన్ని కాదు.

హేమకి ఆయనెవరో తెలియదు. లోకల్ మెకానిక్ అనుకుంది. కుర్చీ వేసి, మాన్యువల్ తెరిచి ఓపికగా పాఠం మొదలుపెట్టింది.

"ఇది మధ్యలో ఉండే కాంపోనెంట్ సార్. పేరు REVU. అంటే రిమోట్ ఎంట్రీ వ్యాలిడేషన్ యూనిట్. మా శివశంకర్ సార్ డిజైన్ చేశారు. కౌంటర్లు దీన్నే అడుగుతాయి, ఇది డేటాబేస్‌ని అడుగుతుంది. మీకు అర్థంకాకపోతే మళ్లీ చెప్తాను."

బెంజమిన్ మొత్తం విన్నాడు. ఒక్కచోట కూడా ఆపలేదు. ఆ పిల్ల చెప్పడం అయ్యాక లేచి కౌంటర్ల దగ్గరికి వెళ్లాడు. అవి ఇంకా పాత సర్వరు పేరుతోనే రేవుని వెతుకుతున్నాయి. నాలుగింట్లోనూ పేరు మార్చి, సర్వరులో రెండు వరసలు సరిచేశాడు. ముప్పావుగంటలో తెరలు లేచాయి.

"సార్, మీకెలా తెలుసు?" అంది హేమ.

"అది రాసింది ఆయనేనమ్మా. రేవు అంటే రేవు. గోదావరి రేవు. నీ మాన్యువల్‌లో రాసిన యూనిట్టూ లేదు, గీనిట్టూ లేదు," అని నేను అరిచేశాను. వరండాలో జనం తిరిగి చూశారు. హేమ మొహం ఎర్రబడింది. మాన్యువల్ మూసి, బయటికెళ్లి ఫోను చేసింది.

మర్నాడు పదింటికి కారేసుకుని శివశంకర్ దిగాడు. అప్పటికి బెంజమిన్ అంతా ఒకసారి సరిచూడడానికి వచ్చి, నా రికార్డుల గదిలో కూర్చుని ఉన్నాడు. నన్ను బయటికి వెళ్లమంటాడేమోనని శివశంకర్ కేసి చూశాను. నేను వెళ్లనని నా మొహం చూసే అర్థమైనట్టుంది, ఏమీ అనలేదు. బెంజమిన్ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నాలుగేళ్లలో బాగా ఒళ్లు చేశాడు.

"థాంక్స్‌రా బెన్నీ. నువ్వు లేకపోతే మా పరువు పోయేది. హేమ అంతా చెప్పింది," అన్నాడు.

బెంజమిన్ నా బల్ల మీది ఫైలు మూసి పక్కన పెట్టాడు.

"కోపం ఇంకా పోలేదా?"

"పోలేదు," అన్నాడు బెంజమిన్. "నువ్వు నన్ను మోసం చేసేవు."

 శివశంకర్ ఉన్నట్టుండి గొంతు పెంచాడు. "నేనొక్కణ్ణేనా తప్పు? ఆ రోజు ఫోన్లో నువ్వు ఒక్కసారి కాదని ఉంటే నేనేం చెయ్యగలిగేవాణ్ణి? ఒక్క ముక్క, కాదూ అని. అక్కడే ఆగిపోయేది. ఎందుకనలేదురా? నోరు లేదా నీకు?"

బెంజమిన్ అతని మొహంలోకి చూశాడు. ఆ చూపులో కోపం కూడా లేదు. కోపం ఉన్నా బావుండేది.

"నువ్వక్కడ ఉన్నావు కదరా," అన్నాడు. "నీకు కూడా విడమరిచి చెప్పాలని నాకు తెలీలేదు."